ఎవరు ముందు చేరతారు: నా స్టార్‌క్రాఫ్ట్ బాట్‌కి కాపలా నేర్పిన మూడు వారాలు

రాత్రి పదకొండున్నరకి మా పిన్ని కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రీప్లే చూశావా? నీ సైన్యం మొత్తం నాది ఒక్క జెర్గ్‌లింగ్ వెనకాల పరిగెడుతోంది."

మేమిద్దరం రాసుకున్న బాట్‌లు, అంటే మనిషి చెయ్యి పెట్టకుండా ఆట ఆడే ప్రోగ్రాములు, స్టార్‌క్రాఫ్ట్ 2లో తలపడిన ఆట అది. లాప్‌టాప్ తెరిచి చూశాను. నిజమే. నా తుపాకీ సైనికులు, పద్నాలుగు మంది మెరీన్లు, మ్యాప్ మధ్యలో వాడి చిన్న మృగం ఒక్క జెర్గ్‌లింగ్‌ని తరుముతున్నారు. అది వాళ్లకి దొరకదు, వాళ్లు దాన్ని వదలరు. సరిగ్గా అదే సమయంలో మిగతా ఏడు జెర్గ్‌లింగ్‌లు నా బేస్‌లో, మినరల్స్ దగ్గర, వాటిని తవ్వే నా పనివాళ్లైన ఎస్‌సీవీలను ఒక్కొక్కటిగా కొరికేస్తున్నాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అది వేస్తూ ఉండగా ఇంట్లో దొంగలు పడ్డారన్నమాట. మెరీన్లు తిరిగి వచ్చేసరికి పద్దెనిమిది ఎస్‌సీవీల్లో ఆరు మిగిలాయి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆట ఓడినందుకు కాదు. ఆ రీప్లేలో నా బాట్ చేసిన ప్రతి పనీ నేను రాసిన నియమం ప్రకారమే చేసింది. తప్పు దానిది కాదు, నేను దానికి చెప్పిన మాటలో ఉంది. ఆ మాటను సరిదిద్దడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. సొంతంగా బాట్ రాసుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. స్టార్‌క్రాఫ్ట్ 2 పాత ఆటే, 2010 జూలైలో వచ్చింది. 2017లో ఆట తయారుచేసిన బ్లిజార్డ్, గూగుల్‌కి చెందిన ఏఐ సంస్థ డీప్‌మైండ్ కలిసి ప్రోగ్రాములు ఈ ఆట ఆడేలా దారి తెరిచాయి. 2019లో డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాస్టార్ గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. నాది అలా తనంతట తాను నేర్చుకునే రకం కాదు. పైథాన్‌లో ఒక లైబ్రరీ వాడి, ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు నేను చేత్తో రాసుకున్న నియమాలు అవి. నా బాట్ టెర్రాన్ జాతితో ఆడుతుంది, మా తమ్ముడిది జెర్గ్. ఆట మొదట్లో ఇద్దరికీ పన్నెండు మంది పనివాళ్లు, 50 మినరల్స్ ఉంటాయి. టెర్రాన్ పనివాడి పేరు ఎస్‌సీవీ. వాళ్లు తవ్వి తెచ్చే మినరల్స్‌తోనే డిపోలు (సరఫరా గిడ్డంగులు), బ్యారక్స్ (మెరీన్లు తయారయ్యే కట్టడం), సైన్యం అన్నీ కట్టుకోవాలి. అందుకే మొదటి నాలుగైదు నిమిషాల్లో వేగంగా పరిగెత్తే కొన్ని యూనిట్లను పంపి, సైన్యంతో తలపడకుండా పనివాళ్లనే చంపి పారిపోవడం ఈ ఆటలో పెద్ద విద్య. జెర్గ్‌కి జెర్గ్‌లింగ్, టెర్రాన్‌కి రీపర్, హెలియన్ ఆ పనికే ఉన్నాయి.

నా పాత రక్షణ నియమం ఒక్క వాక్యం: నా ఏ కట్టడానికైనా 25 దూరం (మ్యాప్ కొలతలో 25 గళ్లు) లోపల శత్రువు కనిపిస్తే, సైన్యం మొత్తం వెళ్లి దగ్గరున్న శత్రువుని కొట్టాలి. సైన్యం లేకపోతే ఎస్‌సీవీలన్నీ వెళ్లాలి. ఆటతో పాటు వచ్చే కంప్యూటర్ ఆటగాడి మీద ఇది బాగానే పనిచేసింది. 'వెరీ హార్డ్' స్థాయి పెట్టి, దాని వ్యూహాన్ని 'రష్' (మొదట్లోనే మీద పడడం) అని ఎంచి ఆడించినా గెలిచేది. దాంతో రక్షణ పని అయిపోయిందనుకుని వేరే భాగాల మీద పడ్డాను. నాకు తర్వాత అర్థమైంది ఏమిటంటే, ఆ కంప్యూటర్ ఆటగాడు ఎదురుగా వచ్చి కొట్లాడతాడు. మా తమ్ముడి బాట్ కొట్లాటకి రాదు. పక్కనుంచి దూరి పోతుంది.

ముందుగా నష్టం లెక్క వేశాను. ఇది చేయకపోయి ఉంటే నేను మళ్లీ తప్పు దారిలోనే వెళ్లేవాడిని. ఒక ఎస్‌సీవీ నిమిషానికి సుమారు 55 నుంచి 60 మినరల్స్ తెస్తుంది. ఒక బేస్‌లో ఎనిమిది మినరల్ గుట్టలు, గుట్టకి ఇద్దరు చొప్పున పదహారు మంది బాగా సరిపోతారు. ఆ పదహారు మందీ పని మానేసి ముప్పై సెకన్లు ఒక జెర్గ్‌లింగ్ వెంట తిరిగారనుకోండి, 450 దాకా మినరల్స్ పోయినట్టే. అంటే తొమ్మిది ఎస్‌సీవీల ఖరీదు. జెర్గ్‌లింగ్‌లు జంటకి 50 మినరల్స్, ఒక్కోటి 25. శత్రువు 25 ఖర్చు పెట్టి, ఒక్కరినీ చంపకుండానే, నాకు 450 నష్టం చేయగలడు. నా రక్షణే నాకు అంత నష్టం తెస్తోంది. ఆ సంఖ్య చూశాక, ఎస్‌సీవీలు ఎన్ని చచ్చాయన్నది ఒక్కటే చూడడం మానేశాను. ఆట ఇచ్చే స్కోరు వివరాల్లో మినరల్స్ సేకరణ రేటు ఉంటుంది. దాన్ని ప్రతి రెండు సెకన్లకు ఫైల్‌లో రాయించాను. ఇలాంటి మెరుపుదాడి, అంటే రెయిడ్, వచ్చినప్పుడు ఆ గీత ఎంత లోతుగా పడిందో, ఎంతసేపటికి లేచిందో చూస్తే రక్షణ ఎలా ఉందో తెలిసిపోతుంది.

తర్వాత దూరం సంగతి. 25 దూరం అని నేను రాసింది గాలిలో గీసిన సూటి గీత. మ్యాప్‌లో నా మెయిన్ బేస్ ఎత్తు మీద ఉంటుంది, కింద కొండ అంచు పక్కనుంచి దారి పోతుంది. ఆ దారిలో శత్రువు పంపిన ఒక పనివాడు ఊరికే చూడడానికి నడిచి వెళ్లినా, గీత ప్రకారం అతను 18 దూరంలో ఉన్నట్టే. కానీ పైకి ఎక్కాలంటే ర్యాంప్ (పైకి ఎక్కే వాలుదారి) చుట్టూ తిరిగి 60 నడవాలి. నా బాట్ మాత్రం ఇంట్లోకి వచ్చేశాడన్నట్టు ఎస్‌సీవీలన్నిటినీ లేపేది. రీప్లేలు మళ్లీ చూస్తే సగం అలారాలు ఇలాంటివే.

ఆ లైబ్రరీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేల మీద నడిచే దూరం ఎంతో అడిగే వీలుంది. దాన్ని వాడడం మొదలుపెట్టాను. రీపర్‌కి మాత్రం పాత సూటి గీతే ఉంచాను, ఎందుకంటే అది కొండ అంచుల మీదకి ఎగిరి దూకుతుంది, దానికి ర్యాంప్‌తో పని లేదు. బాగుంది అనుకుంటుండగా మూడో ఆటలో బాట్ ఆగిపోయింది. కోడ్‌లో ఎర్రర్ వచ్చి ఆట అక్కడికక్కడే ఓడిపోయింది. కారణం వెతకడానికి ఒక ఆదివారం పొద్దంతా పట్టింది. నా ర్యాంప్ మీద రెండు డిపోలు, ఒక బ్యారక్స్‌తో గోడ ఉంటుంది. గోడ పూర్తిగా మూసుకున్నప్పుడు శత్రువుకి లోపలికి దారే లేదు. దారి లేనప్పుడు ఆ ఫంక్షన్ సంఖ్య ఇవ్వదు, 'నన్' అని ఖాళీ జవాబు ఇస్తుంది. నేను ఆ ఖాళీ జవాబుని సంఖ్యతో పోల్చాను. అంటే నా గోడ బాగా పనిచేసిన క్షణంలోనే నా బాట్ పడిపోయింది. ఇప్పుడు దారి లేదంటే 'నేల మీద రాలేడు' అని విడిగా గుర్తు పెట్టుకుంటున్నాను. రక్షణ కోడ్ మొత్తాన్ని ఎర్రర్ వస్తే పట్టుకునేలా కట్టాను కూడా. ఒక చిన్న లెక్క తప్పితే ఆట మొత్తం పోకూడదు.

ఇక వేగం. అసలు కథ ఇక్కడే ఉంది.

దూరం సరిగ్గా తెలిసినా చాలదు. 40 దూరంలో ఉన్న హెలియన్, 40 దూరంలో ఉన్న మెరీన్ ఒకటి కాదు. కాబట్టి దూరాన్ని వేగంతో భాగించి, ఎన్ని సెకన్లలో వస్తాడో లెక్కించాలి. ప్రతి యూనిట్‌కి వేగం లైబ్రరీయే ఇస్తుంది. రాసి, ఆడించి చూస్తే లెక్క ఎప్పుడూ తప్పుతోంది. బాట్ ఇరవై సెకన్లు ఉందని అంటుంది, జెర్గ్‌లింగ్‌లు తొమ్మిది సెకన్లలో దిగుతాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, ఎస్‌సీవీలు పోయాక నా మెరీన్లు బయలుదేరుతున్నారు.

రెండు రోజులు కోడ్ తిరగేశాను. చివరికి ఆ లైబ్రరీ వివరణలో చిన్న వాక్యం కనబడింది. ఆ వేగం 'నార్మల్' ఆట వేగంలో చెప్పింది. ఆట నిజంగా నడిచేది 'ఫాస్టర్' వేగంలో, దానికోసం 1.4తో గుణించాలి. కానీ సమయం మాత్రం ఆ లైబ్రరీ ఫాస్టర్ సెకన్లలోనే ఇస్తుంది, సెకనుకి 22.4 ఫ్రేముల లెక్కన. ఒక కొలత ఒక గడియారంలో, రెండో కొలత ఇంకో గడియారంలో తీసుకుని నేను భాగించేస్తున్నాను. అదే వివరణలో ఇంకో మాట కూడా ఉంది: ఆ వేగంలో అప్‌గ్రేడ్లు కలపలేదు. జెర్గ్‌లింగ్‌కి మెటబాలిక్ బూస్ట్ అనే అప్‌గ్రేడ్ ఉంది, అది పూర్తయ్యాక దాని పరుగు పూర్తిగా మారిపోతుంది. లైబ్రరీ చెప్పేది సెకనుకి 2.95. ఫాస్టర్‌లో అది 4.13. బూస్ట్ వచ్చాక అది 6.58. 60 దూరానికి నా బాట్ వేసిన లెక్క ఇరవై సెకన్లు, నిజం తొమ్మిది. ఆ రెండు వరుసలు కాగితం మీద రాసుకుని చూసినప్పుడు కలిగిన ఊరట చెప్పలేను. మూడు వారాల్లో నాకు అన్నిటికంటే సంతోషం కలిగిన నిమిషం అదే.

శత్రువు ఏ అప్‌గ్రేడ్ చేశాడో నా బాట్‌కి నేరుగా తెలియదు. ఆ సమాచారం నా యూనిట్లకే ఉంటుంది. అందుకే అడగడం మానేసి కొలవడం మొదలుపెట్టాను. కనిపించిన ప్రతి శత్రు యూనిట్ ఎక్కడుందో దాని గుర్తింపు సంఖ్యతో రాసుకుంటాను. తర్వాతి స్టెప్‌లో అది ఎంత కదిలిందో చూస్తాను. ఎనిమిది ఫ్రేములకి ఒక స్టెప్, అంటే సుమారు 0.36 సెకను. ఏ జెర్గ్‌లింగ్ అయినా ఒక్కసారి సెకనుకి 5 దాటి కదిలితే, బూస్ట్ వచ్చేసినట్టే అని ఒక జెండా ఎత్తేస్తాను, ఆ తర్వాత అన్ని జెర్గ్‌లింగ్‌లకీ 6.58 వాడతాను. ఒక మినహాయింపు ఉంది. జెర్గ్‌లు తమ క్రీప్ (నేల మీద వాళ్లు పరిచే జిగట పొర) మీద ఇంకా వేగంగా కదులుతాయి, అందుకని క్రీప్ మీద ఉన్నప్పటి కొలతలు లెక్కలోకి తీసుకోను. మొదట ఈ మినహాయింపు పెట్టలేదు, జెండా ముందే లేచిపోయేది.

వేగం సరిపోయాక అసలు ప్రశ్న మారింది. ఇన్నాళ్లూ నా బాట్ 'శత్రువు ఎంత దగ్గరున్నాడు, ఎంతమంది ఉన్నారు' అని అడిగేది. ఇప్పుడు ఒక్కో మినరల్ వరుసకి విడివిడిగా 'ఇక్కడికి ముందు ఎవరు చేరతారు' అని అడుగుతుంది. శత్రువు చేరే సమయం ఒకటి, నా మెరీన్లు చేరే సమయం ఒకటి. మెరీన్ వేగం 3.15 మాత్రమే. రెండో బేస్ ముందు నిలబడ్డ మెరీన్ మెయిన్ బేస్ మినరల్స్ దాకా 40 నడవాలంటే పన్నెండు సెకన్ల పైనే పడుతుంది. ఒక జెర్గ్‌లింగ్ ఒక ఎస్‌సీవీ మీద నిలబడి కొడితే నాలుగు సెకన్లలో చంపేస్తుంది: ఎస్‌సీవీకి 45 ప్రాణం, దెబ్బకి 5 పోతుంది, అర సెకనుకో దెబ్బ. ఎనిమిది జెర్గ్‌లింగ్‌లకి పన్నెండు సెకన్లు ఇస్తే ఏం జరుగుతుందో లెక్క వేయక్కర్లేదు.

కాబట్టి అందరూ ముందు నిలబడి ఉంటే, ఎంత బాగా కొలిచినా, నడిచి చేరలేరు. కొందరు లోపలే ఉండాలి.

ఇక్కడ నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎండాకాలంలో డాబా మీద వడియాలు పెట్టేది. మా ఊళ్లో కోతుల బెడద ఎక్కువ. మేం పిల్లలం కర్రలు పట్టుకుని కోతిని పిట్టగోడ దాకా, అక్కడినుంచి పక్కింటి డాబా దాకా తరిమేవాళ్లం. ఆ సందులో ఇంకో వైపు నుంచి రెండు దిగి వడియాల చాప లాగేసేవి. నాయనమ్మ మాత్రం చాప పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో కర్ర పెట్టుకుని కూర్చునేది. కోతి వస్తే కర్ర నేల మీద కొట్టేది, లేచి వెళ్లేది కాదు. "దాని వెంట మీరెందుకు పోతార్రా, అది వచ్చేది వడియాల కోసమేగా" అనేది. నా పద్నాలుగు మంది మెరీన్లు చేసింది సరిగ్గా మేం చేసిన పనే.

ఇప్పుడు ప్రతి మినరల్ వరుస మధ్యలో ఒక కాపలా చోటు ఉంది. అక్కడ కేటాయించిన మెరీన్లు ఆ చోటుకి 12 దూరం దాటి వెళ్లరు. రెండో షరతు: శత్రువు నా మెరీన్ కంటే వేగమైనవాడై, తుపాకీ అందే దూరం దాటి ఉంటే తరమడం లేదు. మెరీన్ 5 దూరం దాకా కాల్చగలడు. రీపర్ వేగం 5.25, హెలియన్‌ది 5.95. వీటిని మెరీన్ నడిచి పట్టుకోవడం ఎప్పటికీ జరగదు. ఈ రెండు షరతులూ కలిపి పది వరుసల కోడ్ కూడా లేదు. ఒక్క రీపర్ ఆరుగురు మెరీన్లను బేస్ అంతా తిప్పే దృశ్యం దాంతో ఆగిపోయింది.

మెయిన్‌లో ఇద్దరు, రెండో బేస్‌లో నలుగురు, మిగతావాళ్లు ముందు. రెండో బేస్ మినరల్స్ పక్కన ఒక బంకర్. 100 మినరల్స్ ఖర్చు, 29 సెకన్లలో అవుతుంది, నలుగురు మెరీన్లు పడతారు, అవసరం తీరాక అమ్మేస్తే 75 వెనక్కి వస్తాయి. అంతకంటే ఎక్కువ కాపలా పెట్టి చూశాను. మెయిన్‌లో ఆరుగురిని ఉంచితే రెయిడ్‌లు ఒక్కటీ తగలలేదు, కానీ ఐదో నిమిషంలో ముందునుంచి వచ్చిన అసలు దాడికి నిలవలేకపోయింది. ఈ సంఖ్యలు ఇప్పటికీ మారుస్తూనే ఉన్నాను.

ఎస్‌సీవీలను ఎప్పుడు కొట్లాటకి పంపాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. అందరినీ పంపితే పని ఆగుతుంది, ఎవరినీ పంపకపోతే చస్తారు. ఒక్క ఎస్‌సీవీ ఒక జెర్గ్‌లింగ్‌ని చంపడానికి కనీసం ఏడు దెబ్బలు కావాలి, దెబ్బకీ దెబ్బకీ సెకను పైన పడుతుంది, మొత్తం ఆరున్నర సెకన్లు. ఈలోపే జెర్గ్‌లింగ్ దాన్ని చంపేస్తుంది. ఇద్దరు కలిసి కొడితే మూడు సెకన్ల చిల్లరలో పని అయిపోతుంది, ఎవరూ చావరు. అందుకని జెర్గ్‌లింగ్‌కి ఇద్దరు, అందులోంచి అక్కడున్న ఒక్కో మెరీన్‌కి ఇద్దరిని తగ్గించు. మూడు జెర్గ్‌లింగ్‌లు వచ్చి, ఒక మెరీన్ ఉంటే నలుగురు ఎస్‌సీవీలు చాలు. ప్రాణం ఎక్కువ ఉన్నవాళ్లని, చేతిలో మినరల్స్ లేనివాళ్లని ముందు తీసుకుంటాను. ప్రాణం 15 కంటే తగ్గినవాడు వెంటనే పనికి వెనక్కి పోతాడు. శత్రువు పనివాడు ఒక్కడే చూడడానికి వస్తే ఎవరూ కదలరు. పదిమంది నన్ను ఆట గురించి అడిగితే నేను ముందు చెప్పే మాట ఇది: ఒంటరిగా వచ్చిన పనివాడిని వదిలేయండి.

మొదట్లో ఇంకో సమస్య వచ్చింది. శత్రువు హద్దు మీద అటూ ఇటూ ఊగుతుంటే ఎస్‌సీవీలు లేవడం, తిరిగి పనికి పోవడం, మళ్లీ లేవడం. ఏ పనీ జరగదు. అలారం మోగడానికి ఒక హద్దు, ఆగడానికి వేరే హద్దు పెట్టాను. చేరే సమయం ఆరు సెకన్ల లోపయితే మోగుతుంది. ఆగాలంటే పది సెకన్లు దాటి, అలా వరుసగా ఐదు సెకన్లు ఉండాలి. చీకట్లోకి పోయిన శత్రువు లేనట్టు కాదు కాబట్టి, కనబడకుండా పోయినవాడిని కూడా ఐదు సెకన్లు గుర్తు పెట్టుకుంటుంది.

ప్రత్యర్థి టెర్రాన్ అయి హెలియన్ వస్తే మాత్రం ఎస్‌సీవీలు కొట్లాడకూడదు. హెలియన్ నిప్పు ఒక గీతలో పోతుంది, ఆ గీత మీద ఎంతమంది ఉంటే అంతమందికీ తగులుతుంది. ఎస్‌సీవీ లాంటి తేలిక యూనిట్‌కి దెబ్బకి 14, నాలుగు దెబ్బల్లో పోతుంది. వరుసకట్టి ఎదురెళ్లడం దానికి విందు పెట్టడమే. కాబట్టి నా మెరీన్ల కంటే హెలియన్లే ముందు చేరతాయని లెక్క తేలిన మరుక్షణం, ఆ వరుసలో ఎస్‌సీవీలు ఖాళీ చేసి ఇంకో బేస్‌కి పోతాయి. పొమ్మని మామూలుగా చెబితే ఒకళ్లకొకళ్లు అడ్డుపడి ఇరుక్కుంటారు. ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: మినరల్స్ తవ్వమని చెప్పిన పనివాడు వేరే యూనిట్ల మధ్యలోంచి అడ్డు లేకుండా పోగలడు. అందుకని 'పారిపో' అని కాకుండా 'ఆ బేస్‌లో మినరల్స్ తవ్వు' అని ఆజ్ఞ ఇస్తున్నాను. మొదటిసారి రాసినప్పుడు, రెండో బేస్ వాళ్లు మెయిన్‌కి పోయే దారిలోనే హెలియన్లు ఎదురొచ్చాయి, అందరూ పోయారు. ఇప్పుడు బయలుదేరే ముందు ఆ దారిలో శత్రువు ఉన్నాడేమో చూసి, ఉంటే ఉన్నచోటే ఉంటారు.

ఇవన్నీ శత్రువు కనిపించాక చేసే పనులు. వచ్చేముందే తెలుసుకోగలిగితే ఇంకా మేలు. మా తమ్ముడి బాట్ అప్పుడప్పుడు పన్నెండు మంది పనివాళ్లతోనే స్పానింగ్ పూల్ (జెర్గ్‌లింగ్‌లు పుట్టాలంటే ఉండాల్సిన కట్టడం) కట్టేసి, వెంటనే జెర్గ్‌లింగ్‌లు పంపుతుంది. మామూలుగా జెర్గ్ ఆటగాడు ముందు రెండో హ్యాచరీ (జెర్గ్ బేస్ కట్టడం) వేసుకుని, 50 సెకన్ల దగ్గర పూల్ మొదలుపెడతాడు. ముందే కట్టేవాడు 20 సెకన్ల లోపే మొదలుపెడతాడు. పూల్ కట్టడానికి 46 సెకన్లు. నా ఎస్‌సీవీ ఒకటి సరిగ్గా మొదటి నిమిషం ప్రాంతంలో వాళ్ల ఇంటికి చేరుతుంది. అక్కడ కట్టడం ఎంత పూర్తయిందో బాట్‌కి 0 నుంచి 1 మధ్య ఒక భిన్నంలో తెలుస్తుంది. 1:00 దగ్గర చూసినప్పుడు 0.91 అని ఉంటే, 46ని 0.91తో గుణిస్తే సుమారు 42. అంటే 18వ సెకనులో మొదలుపెట్టాడు. 30వ సెకను కంటే ముందు మొదలైతే దాడి వస్తున్నట్టే. దగ్గరదగ్గర రెండో నిమిషానికి జెర్గ్‌లింగ్‌లు నా ర్యాంప్ కింద ఉంటాయి. ఈ లెక్క తేలిన వెంటనే నా బాట్ రెండో డిపోని మామూలు కంటే ముందే కట్టి గోడ మూసేస్తుంది. డిపోకి 400 ప్రాణం, ఒక కవచం కూడా ఉంది కాబట్టి జెర్గ్‌లింగ్ దెబ్బ 4 మాత్రమే తగులుతుంది. వెనక ఇద్దరు ఎస్‌సీవీలు బాగుచేస్తూ ఉంటే గోడ నిలుస్తుంది.

ఇది పెట్టిన మొదటి ఆటలోనే ఓడిపోయాను. రీప్లే చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వాళ్ల ఇంటిని చూడడానికి వెళ్లిన నా ఎస్‌సీవీ పరిగెత్తుకుంటూ తిరిగొచ్చింది. నా యూనిట్ ర్యాంప్ కిందకి వస్తే డిపోలు నేలలోకి దిగాలని నేనే పాత రోజుల్లో రాసుకున్న నియమం. డిపోలు దిగాయి. దాని వెనకే ఆరు జెర్గ్‌లింగ్‌లు లోపలికొచ్చాయి. ఆ ఎస్‌సీవీ నాకు వార్త తెచ్చింది, ఆ వార్తే నన్ను కాపాడాల్సింది. ఇప్పుడు గోడ నియమానికే పెద్ద మాట: గోడకి 15 దూరం లోపల శత్రువు ఉంటే, బయట ఎవరున్నా డిపోలు దిగవు. చూడడానికి వెళ్లిన ఎస్‌సీవీ తిరిగి రాదు, మ్యాప్ మూలలో ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ఆ నియమం రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది.

నిన్న రాత్రి మళ్లీ పది ఆటలు ఆడించాం. ఎనిమిది నేను గెలిచాను, అది ముఖ్యం కాదు. ఏడో ఆటలో 3:40 దగ్గర, బూస్ట్ వచ్చిన ఎనిమిది జెర్గ్‌లింగ్‌లు నా సైన్యం పక్కనుంచి దూరి రెండో బేస్‌లోకి వచ్చాయి. సైన్యం కదల్లేదు. బంకర్‌లోంచి నలుగురు కాల్చారు. కొద్దిమంది ఎస్‌సీవీలు మాత్రమే లేచి, మూడు జెర్గ్‌లింగ్‌లు పడగానే తిరిగి మినరల్స్ మీదకి వెళ్లిపోయాయి. ఇంకో రెండు బంకర్ కాల్పులకి పోయాయి. మిగిలిన మూడు జెర్గ్‌లింగ్‌లు మెయిన్ వైపు తిరిగాయి, అక్కడ ఇద్దరు మెరీన్లు తమ చోట్లోనే నిలబడి ఉన్నారు. సేకరణ రేటు గీత కొంచెం వంగి, పదకొండు సెకన్లలో మళ్లీ లేచింది. పోయిన ఎస్‌సీవీలు రెండు.

ఫోన్‌లో అవతల కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు, "అన్నయ్యా, రెండేనా?"

"రెండేరా."

"సరే అయితే. వచ్చే శనివారం ఓవర్‌లార్డ్‌లో వేసుకుని తెస్తాను."

ఓవర్‌లార్డ్ గాల్లో వస్తుంది. నేల మీది దారి లెక్క దానికి వర్తించదు, అది మెయిన్ వెనక వైపు నుంచి ఎనిమిది జెర్గ్‌లింగ్‌లను దింపగలదు. పొద్దున్న ఆఫీసు బస్సులో కూర్చుని, మ్యాప్ అంచుల వెంబడి ఎక్కడెక్కడ డిపోలు కడితే ముందుగా కనబడుతుందో నోట్‌బుక్‌లో గీసుకుంటున్నాను.